కబుర్లు మోసే మనిషి: మూడు తరాలుగా మాటల్లేని ఒక ఇంటి కేసు

ఫ్యామిలీ కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్ళ నోట తరచూ వినే మాట "వాళ్ళిద్దరికీ మాటల్లేవండీ" అని. ఇక అక్కణ్ణుంచి అందరూ ఆ ఇద్దరి గురించే మాట్లాడతారు. ఎవరి పంతం ఎంత, ఎవరు ముందు తగ్గాలి, తప్పెవరిది. ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేస్తూ మధ్యలో నలిగే మూడో మనిషి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఈ కేసు రాయాలనిపించింది ఆ మూడో మనిషి వల్లే.

కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, పేర్లు, కులం రాయలేదు. గుర్తుపట్టడానికి వీలున్న కొన్ని వివరాలు మార్చాను.

వచ్చినది ఎవరు, దేనికి

ఆవిడ వయసు అరవై రెండు. కోస్తాలో ఒక చిన్న పట్టణం. భర్త హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యారు, వయసు అరవై ఏడు. ఊరంతా పిలిచినట్టే నేనూ ఇక్కడ మాస్టారు అంటాను. ఒక్కతే కూతురు, హైదరాబాద్‌లో ఉద్యోగం, పెళ్ళయింది, తొమ్మిదేళ్ళ కొడుకు.

ఆవిణ్ణి నా దగ్గరికి పంపింది ఫిజీషియన్. గుండె దడ, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ఆకలి లేకపోవడం. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. బీపీ మాత్రం మందులు వేసుకుంటున్నా దారికి రావడం లేదు. డిప్రెషన్ తీవ్రత చూసే పీహెచ్‌క్యూ-9లో స్కోరు 12 వచ్చింది. 10 నుంచి 14 వరకూ ఓ మోస్తరు తీవ్రత కింద లెక్క. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు లేవు.

మీకేం కావాలి అని అడిగితే, "నాకేం వద్దండీ, తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకుంటే చాలు" అన్నారు. 2021 నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

రోజు ఎలా గడుస్తుందో వివరంగా చెప్పమన్నాను. మధ్యాహ్నం మాస్టారు కునుకు తీసే వేళకి కూతురు ఫోన్ చేస్తుంది. ఈవిడ ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, బట్టలుతికే బండ మీద కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడతారు. "నాన్న షుగర్ టెస్టు చేయించుకున్నారా కనుక్కో, నేనడిగానని చెప్పకు" అంటుంది కూతురు. సాయంత్రం కాఫీ దగ్గర మాస్టారు, "పిల్లాడి స్కూలు ఫీజు కట్టారో లేదో అడుగు, నేనన్నానని అనకు" అంటారు. ఈవిడ రెండువైపులా తన మాటగా మార్చి చెప్పాలి. ఏ మాట ఎవరిదో బయటపడకూడదు. రాత్రి పడుకున్నాక, ఎక్కడైనా నోరు జారానా అని రోజంతా మొదటినుంచీ నెమరేసుకుంటారు. మూడింటికి మెలకువ వచ్చాక చేసేదీ అదే.

ఇక్కడే నేను తీసుకోవాల్సిన మొదటి నిర్ణయం. ఇందులో నా క్లయింటు ఎవరు? తండ్రీ కూతుళ్ళను కలపడం పనిగా పెట్టుకుంటే నేనూ ఇంకో రాయబారిని అవుతాను. అడుగు పెట్టి సహాయం అడిగింది ఈవిడ, ఒళ్ళు చెడుతున్నది ఈవిడకి. అందుకే ఆవిడ నిద్ర, ఆవిడ దడ, ఆవిడ మోస్తున్న బరువు నా పని అనుకున్నాను. మిగతాది దాని వెనకే వస్తే వస్తుంది.

ఇంటి కథ

చార్టు పేపరు మీద మూడు తరాల మనుషుల్ని గీసి, వాళ్ళ మధ్య సంబంధాలు గీతల్లో చూపించడం మా వృత్తిలో మామూలే. అమెరికన్ సైకియాట్రిస్టు మర్రే బోవెన్ (1913–1990) ఆలోచనల్లోంచి వచ్చిన పద్ధతి. ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే వాళ్ళు మూడో మనిషిని మధ్యలోకి లాక్కుంటారని ఆయన అన్నాడు. పెద్దవాళ్ళతో తెగతెంపులు ఎంత తీవ్రంగా ఉంటే, పిల్లల తరంలో అదే తిరగబడే అవకాశం అంత ఎక్కువని కూడా అన్నాడు. ఈ ఇంటి చార్టు గీస్తుంటే రెండూ కనిపించాయి.

మాస్టారి నాన్నగారికీ ఆయన తమ్ముడికీ 1970లలో పొలం గట్టు దగ్గర, కాలవ నీళ్ళ వంతు దగ్గర గొడవ. పక్కపక్క ఇళ్ళే, మాటల్లేవు. వాళ్ళ అమ్మ బతికున్నంతకాలం ఏదో నడిచింది. ఆవిడ మనవణ్ణి, అంటే మన మాస్టారిని, పెరటి గుమ్మం గుండా ఆవకాయ గిన్నె ఇచ్చి పంపేది, ఏ చిన్న కబురున్నా వాడి చేతే చెప్పించేది. ఆవిడ పోయాక అదీ ఆగింది. 1998లో ఆ చిన్నాన్న పోయినప్పుడు ఈ ఇంట్లో పద్ధతి ప్రకారం పది రోజులూ మైల పట్టారు. ఆ ఇంటి గడప మాత్రం తొక్కలేదు.

రెండో తరం మాస్టారూ ఆయన చెల్లెలూ. ఆమె పెళ్ళి 1983లో అయింది. ఈ తేదీ ఎందుకు రాస్తున్నానంటే, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకి అది వర్తించలేదు. ఆవిడ "నాకు ఎలాగూ రాదు" అనుకుని ఊరుకున్నారు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణలో పెళ్ళయిందా లేదా అన్న షరతు లేదు. 2007లో మాస్టారూ ఆయన తమ్ముడూ పొలంలో ఒక ముక్క అమ్మబోతే, కొనేవాళ్ళ లాయరు చెల్లెలి సంతకం కావాలన్నాడు. "ఒక సంతకమే కదా" అని వీళ్ళు హక్కు విడుదల పత్రం పంపారు. "నన్ను అడగకుండా కాగితం పంపుతారా" అని ఆవిడ సంతకం పెట్టలేదు. "పసుపు కుంకుమ కింద ఇచ్చింది చాలదా" అని మాస్టారన్నారు. అక్కడితో అయిపోయింది.

మా ప్రాంతంలో అన్నాచెల్లెళ్ళ మధ్య ఇలాంటి గొడవలకి చాలామంది చట్టాన్ని తిడతారు. నేను ఒప్పుకోను. సంతకం అడగాల్సిన అవసరం లేనన్నాళ్ళూ చెల్లెలి అభిప్రాయం అడగాలన్న ఆలోచనే రాని ఇళ్ళు అవి. చట్టం వచ్చి ఆ సంగతి బయటపెట్టింది.

ఆ తర్వాత అన్నాచెల్లెళ్ళ మధ్య కబుర్లు మోసింది వాళ్ళ అమ్మ. 2016లో ఆమె పోయాక ఆ దారీ మూసుకుపోయింది.

2021 మేలో ఆ చెల్లెలి భర్త, అంటే మాస్టారి కూతురికి మేనత్త భర్త, కోవిడ్‌తో పోయారు. ఆవిడ ఉండేది హైదరాబాద్‌లోనే, ఇంట్లో ఒంటరి. మాస్టారి కూతురు ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఆవిడ దగ్గర కొన్నాళ్ళు ఉంది. ఆ సంగతి మాస్టారికి బంధువుల వాట్సాప్ గ్రూపులో ఫొటో చూస్తే తెలిసింది. "నా చెల్లెలితో నాకు లేని చుట్టరికం నీకెక్కడిది" అన్నదే కూతురితో ఆయన మాట్లాడిన చివరి మాట.

చార్టు పూర్తయ్యాక ఆవిడ చాలాసేపు చూసి, "మధ్యలో ఉన్న ఆడది పోయాకే పూర్తిగా తెగిందండీ, రెండుసార్లూ" అన్నారు. కాసేపాగి, "అందుకే కాబోలు నాకు భయం. నేను పోతే వీళ్ళిద్దరి గతేంటి?" అన్నారు.

నేను చెప్పాల్సింది ఆవిడే చెప్పారు. కబుర్లు మోసే మనిషి ఉన్నంతకాలం మిగతా ఇద్దరూ నేరుగా మాట్లాడుకోవాల్సిన అవసరం రాదు. ఆ మనిషి పోయేనాటికి వాళ్ళకి మాట్లాడుకోవడం ఎలాగో కూడా మరుపున పడి ఉంటుంది.

పని చెయ్యనివి

మా దగ్గరికి రాకముందే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి చూశారు. ఒకసారి బంధువుల గృహప్రవేశంలో ఎవరికీ చెప్పకుండా తండ్రీ కూతుళ్ళను ఎదురెదురుగా తెచ్చారు. మాస్టారు భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయారు. వీటి గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసినవే.

మా దగ్గర మొదట ముగ్గురినీ కలిపి కూర్చోబెట్టాం. కూతురు దసరాకి వచ్చింది, మాస్టారు కూడా ఒప్పుకున్నారు. ఇద్దరికీ సమ్మతమైనప్పుడు ముఖాముఖి మాట్లాడించడం సరైన ప్రయత్నమే. కానీ జరిగింది వేరు. తండ్రీ కూతుళ్ళు ఒకరి వైపు ఒకరు చూడలేదు. "విన్నావా నీ కూతురి మాటలు?" అని ఆయన, "చూడమ్మా, నువ్వే చెప్పు" అని ఆ అమ్మాయి, ఇద్దరూ ఆవిడ మొహం చూసే మాట్లాడారు. ఆవిడ ఇద్దరికీ సర్దిచెప్పబోయి ఏడ్చేశారు. నా కళ్ళముందే ఆ ఇల్లు రోజూ నడిచే తీరులో నడిచింది. ఆవిడ గదిలో ఉంటే వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేరని ఆరోజు రూఢి అయింది. కలిపి కూర్చోబెట్టడం ఆపేశాం.

తర్వాత కూతురు తనంతట తనే ఒక పెద్ద మెసేజ్ రాసింది. మనసు విప్పి, క్షమించమని కూడా. తన మాటలు తనే చెప్పాలనుకోవడం మంచిదే కదా అని నేను అడ్డు చెప్పలేదు. మాస్టారు అది పూర్తిగా చదివారు. జవాబుగా మూడుచోట్ల తేదీలు తప్పని, ఒకచోట తను అన్న మాట అది కాదని రాసి పంపారు. పాత గాయం గురించి రాసినది ఎంత ప్రేమగా రాసినా, అవతలివాళ్ళకి అది చార్జిషీటులా కనిపిస్తుంది. పదిహేనేళ్ళుగా తప్పెవరిదో తేల్చే పనిలోనే ఉన్న మనిషికి మరీను. గతంతో మొదలుపెట్టకూడదని అర్థమైంది.

ఏది కదిలించింది

ఇక మిగిలింది ఒకటే దారి. ఆవిడ కబుర్లు మోయడం మానాలి.

ఈ నిర్ణయం తేలిగ్గా తీసుకోలేదు. ముందు చూసుకోవాల్సింది భద్రత. ఆ ఇంట్లో కొట్టడం, బెదిరించడం, మరేదైనా వేధింపు ఉందా అని ఆవిణ్ణి ఒంటరిగా, కూతురిని ఫోన్లో విడిగా అడిగాను. లేదని ఇద్దరూ స్పష్టంగా చెప్పారు. ఉండుంటే ఈ పద్ధతి వాడేదాన్ని కాదు. అలాంటి ఇళ్ళలో దూరంగా ఉండటమే రక్షణ, మధ్యలో ఉన్న మనిషి ఒక్కోసారి ప్రాణాలు కాపాడుతుంటుంది.

రెండోది ఆవిడ స్థానం. "నేను లేకపోతే ఈ ఇల్లు నడవదు" అన్నది ఆవిడకి భారమే, కానీ ఆ ఇంట్లో ఆవిడకి దక్కిన గౌరవం కూడా అదే. మన ఇళ్ళలో ఆడవాళ్ళకి ఈ పని ఎవరూ అప్పజెప్పకుండానే వచ్చి పడుతుంది, బాగా చేస్తే మెచ్చుకుంటారు, చెడితే నింద వేస్తారు. దాన్ని తీసేసి చేతులు ఖాళీగా వదలకూడదు. అసలు సమస్య మీరే అన్న ధ్వని కూడా రాకూడదు. అందుకని, "మీరు తప్పు చేస్తున్నారు కాబట్టి మానండి" అనలేదు. "వాళ్ళు నేర్చుకోవాల్సిన పని మీరు చేసిపెడుతున్నారు, మీ తర్వాత కూడా వాళ్ళు మాట్లాడుకోవాలంటే ఇప్పుడే మొదలవ్వాలి" అన్నాను. ఆవిడ భయం అదే కాబట్టి ఆ మాట ఆవిడకి ఎక్కింది.

ఏం అనాలో గదిలో పైకి అని చూసుకున్నాం. కూతురితో, "ఆ సంగతి నాన్ననే అడగమ్మా, నంబరు నీ దగ్గరుందిగా." మాస్టారితో, "మీరే కనుక్కోండి, నేను అడగను." కోపం లేకుండా, సంజాయిషీ లేకుండా, అంతటితో ఆపాలి. ఆవిడకి అన్నింటికన్నా కష్టమైనది ఆపడమే, ప్రతిసారీ వెనకాలే ఇంకో నాలుగు మాటలు కలపబోయేవారు. ఆస్పత్రి, ప్రమాదం లాంటి అత్యవసరాలకి మాత్రం ఈ నియమం లేదని ముందే అనుకున్నాం.

మొదట్లో ఇంట్లో పరిస్థితి ఇంకా చెడుతుందని ఆవిడకి ముందే చెప్పాను. చెప్పినట్టే అయింది. మాస్టారు రాత్రిపూట అన్నం మానేశారు. "నువ్వు కూడా ఆయన పక్షమేనా" అని కూతురు నిష్ఠూరమాడింది. పాత అలవాటులోకి ఆవిణ్ణి లాక్కురావడానికి ఇల్లు చేసే ప్రయత్నం ఇదంతా. ముందే తెలిసుండటం వల్ల ఆవిడ భయపడలేదు, ఫోన్ చేసి "మీరన్నట్టే జరుగుతోందండీ" అన్నారు.

ఖాళీ అయిన మధ్యాహ్నం ఫోన్లలో ఏం మాట్లాడాలో తెలియక మొదట తల్లీకూతుళ్ళు ఇబ్బంది పడ్డారు. ఇన్నాళ్ళూ మాట్లాడుకున్నదంతా మాస్టారి గురించే. మెల్లగా ఆవిడ తన మోకాళ్ళ గురించి, గుడిలో మొదలుపెట్టిన లలితా పారాయణం గురించి చెప్పడం మొదలెట్టారు. కూతురు తన ఆఫీసు టెన్షన్లు చెప్పింది. పెళ్ళయ్యాక అమ్మతో ఇంతసేపు తమ గురించి తాము మాట్లాడుకున్నది లేదని ఆ అమ్మాయి తర్వాత నాతో అంది.

ఒకరోజు మాస్టారు నేరుగా నా దగ్గరికి వచ్చారు. కోపంగా. "మా ఆవిడకి ఏం నేర్పుతున్నారు మీరు?" ఆయన పిలవకుండా రావడం మంచి సూచన అనిపించింది. నేను వాదించలేదు, కూతురి మాట ఎత్తలేదు. మీ నాన్నగారి తరం గీయండి అని పెన్సిల్ ఇచ్చాను. ఆయన చక్కటి దస్తూరితో పేర్లన్నీ రాశారు. తండ్రికీ చిన్నాన్నకీ మధ్య గీత కొట్టి ఆగారు. చిన్నాన్న కొడుకూ తనూ బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళమనీ, సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు మాత్రం రోడ్డుకి చెరో పక్క నడిచేవాళ్ళమనీ చెప్పారు. "వాడికీ నాకూ ఏ గొడవా లేదు" అన్నారు. చెల్లెలి గడిలో, కూతురి గడిలో తనే అవే గీతలు కొట్టారు. నేనేమీ అనలేదు.

తొలి ఫోన్ దేనికి జరగాలో ఆలోచించినప్పుడు నాకు కావలసింది చిన్న పని. మొదలూ చివరా ఉండాలి, మనసు విప్పాల్సిన అవసరం ఉండకూడదు, ఆయన అడిగేవాడిగా, ఆమె ఇచ్చేదిగా ఉండాలి. పింఛను తీసుకునేవాళ్ళు ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ గడువు దగ్గరపడింది. ఇదివరకు ఆ యాప్ సంగతి కూతురు తల్లి ఫోన్లో చెబితే, ఆవిడ పక్కనుండి ఆయన చేత నొక్కించేవారు. ఈసారి ఆవిడ "నాకు తెలీదండీ" అన్నారు. రెండు రోజులు ఆగి ఆయన కూతురికి ఫోన్ చేశారు. "ఓటీపీ వచ్చింది, తర్వాత ఏం నొక్కాలి?" "ముందు కళ్ళద్దాలు తీసి కెమెరా వైపు చూడండి నాన్నా." కొద్ది నిమిషాల మాట. పెట్టేసేముందు ఆయన "సరే అమ్మా" అన్నారట. ఆ అమ్మాయి ఆ మాట నాకు చెబుతూ ఏడ్చింది.

ఆ తర్వాత కరెంటు బిల్లు, మనవడి లెక్కల హోంవర్కు. సంక్రాంతికి కూతురు వచ్చి రెండు రాత్రులుంది. ఎక్కువ ఉండొద్దని నేనే అన్నాను, మొదటిసారి బాగుండగానే ముగించడం మేలు. వెళ్ళేరోజు పొద్దున ఆయనే ఎత్తారు. "మీ అత్తయ్య దగ్గరికి వెళ్ళేటప్పుడు నాకొక్క మాట చెప్పి వెళ్ళాల్సింది." "చెప్తే వెళ్ళనిచ్చేవారా నాన్నా?" ఆయన కాసేపు ఊరుకుని, "లేదు" అన్నారు. అప్పుడు ఆవిడ వంటింట్లోనే ఉన్నారు, మధ్యలోకి రాలేదు. నన్నడిగితే ఈ కేసులో అన్నిటికన్నా పెద్ద పని అదే.

మేనత్త

ఇదంతా తెలిసి మేనత్త వదినకి ఫోన్ చేసి, "అన్నయ్య ఎలా ఉన్నాడో చెప్పు" అన్నారు. మాస్టారి భార్య ఇప్పుడు ఆరితేరారు. "మీరే అడగండి వదినా" అన్నారు. అడిగారు. ఆ ఫోన్ తర్వాత మాస్టారు నా దగ్గరికొచ్చి చాలాసేపు కూర్చున్నారు.

మేనత్త కూతురి పెళ్ళి 2011లో అయింది. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సింది మేనమామ. మాస్టారు వెళ్ళలేదు, వరసకి మేనమామ అయ్యే ఇంకెవరో మోశారు. "చెల్లెలు మొక్కుబడికి పిలిచింది, వెళ్ళి అవమానపడటం దేనికి" అనుకున్నారు ఇన్నేళ్ళూ. చెల్లెలు ఆరోజు అమ్మ చేత పంపిన కబురు వేరు: "అన్నయ్య రాకపోతే గంప లేపనివ్వను." తల్లి ఆ మాట అలాగే చెబితే కొడుకు బెదిరింపు అనుకుంటాడని భయపడి, "పిలిచింది, ఆపైన నీ ఇష్టం" అని మెత్తగా చెప్పింది. అక్కడ ముహూర్తం దాటిపోతుందని అందరూ తొందరపెట్టేదాకా చెల్లెలు గుమ్మం వైపు చూస్తూనే ఉంది. పొలం కన్నా ఆవిడకి ఇన్నేళ్ళూ మిగిలిన బాధ అదేనట.

ఆ తల్లి తప్పేమీ చెయ్యలేదు. ఇద్దరినీ కాపాడుకోవాలనే చూసింది. కానీ కబురు మోసేవాళ్ళు పదునైన మాట మోయలేరు, మెత్తబరిచే మోస్తారు. ఆ పదునులోనే ప్రేమ కూడా ఉంటే, అదీ దార్లోనే రాలిపోతుంది.

ఆస్తి సంగతి కౌన్సెలింగ్ గదిలోకి రానివ్వలేదు. ఎవరికెంత వస్తుందన్నది లాయర్ల పని. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలు చెల్లుతాయి. వీళ్ళ అన్నదమ్ముల పంపకం నోటిమాట మీద జరిగింది. కూతురికి హక్కు రావాలంటే 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదనీ, నోటిమాట పంపకాలను మామూలుగా ఒప్పుకోకూడదనీ సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో చెప్పింది. ఇవన్నీ మాస్టారికి లాయరు దగ్గర తెలిశాయి. వీటిని చూపించి ఆయన్ని మెత్తబరచవచ్చన్న ఆలోచన రాకపోలేదు, వద్దనుకున్నాను. భయంతో కలిసిన మాటలు భూమి తేలగానే ఆగిపోతాయి. ఫోన్లో పొలం మాట ఎత్తకూడదని అన్నాచెల్లెళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు. వాటా ఇంకా తేలలేదు. తమ్ముడికి ఇష్టం లేదు. మాస్టారు మాత్రం విడుదల పత్రం మీద సంతకం ఇక అడగనని చెల్లెలికి చెప్పారు.

ఇప్పుడు

ఆవిడ పీహెచ్‌క్యూ-9 స్కోరు 5కి వచ్చింది. నిద్ర ఐదింటిదాకా పడుతోంది. బీపీ అదుపులోకి వచ్చిందని ఫిజీషియన్ చెప్పారు.

ఇలాంటి కేసులు చూసే తోటి కౌన్సెలర్లకి ఒక్కటి చెప్పాలి. మధ్యలో మనిషిని తప్పించగానే ఇల్లు ఊరుకోదు, ఇంకొకర్ని వెతుక్కుంటుంది. ఈమధ్య వీడియో కాల్‌లో మాస్టారు మనవడితో, "మీ అమ్మని ఉద్యోగంలో అంత శ్రమ పడొద్దని చెప్పరా, నేనన్నానని అనకు" అన్నారు. పిల్లాడు మంచివాడు, తెలివైనవాడు, ఎవరినీ నొప్పించడు. ఈ పనికి సరిగ్గా అలాంటివాళ్ళే దొరుకుతారు. ఆ సంగతి గమనించి నాకు చెప్పింది ఆవిడే. వచ్చే సెషన్‌కి మాస్టారూ కూతురూ ఇద్దరూ వస్తున్నారు, పిల్లాణ్ణి ఇంట్లోనే ఉంచి రమ్మన్నాను.